రాతి మీద కుదరని తొట్టి

మదనపల్లె సి.టి.ఎం. రోడ్డులో చేపల తొట్లు చేసే శాలేము రాజు, ముప్పై నాలుగేళ్ల పనిలో ఒక్కసారి కూడా తప్పు తన తొట్టిదేనని ఒప్పుకున్నవాడు కాడు. తొట్టి కారుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే సంచీలో రసమట్టం వేసుకుని బస్సెక్కేవాడు. స్టాండు మీద రసమట్టం పెట్టి వంగి చూసేవాడు. లోపలి నీటిబుడగ కొంచెం పక్కకు జరిగితే చాలు, "సూడప్పా, స్టాండు ఓరగా ఉండాది. అద్దం ఏం చేస్తాది?" అనేవాడు. చాలాసార్లు అది నిజమే. ఇళ్లలో బండలు పరిచేవాళ్లు కడిగిన నీళ్లు పోవడానికి వాలు పెడతారు. వెల్డింగు చేసేవాళ్లలో కొందరు నాలుగు కాళ్లూ ఒకే పొడవున కోయరు. టీవీ పెట్టుకునే చెక్క బల్ల మీద పాతిక బిందెల నీళ్లు నిలబెట్టాలని చూసేవాళ్లూ ఉంటారు. ఇన్నేళ్లూ ఆయన మాటే నెగ్గుతూ వచ్చింది కాబట్టి, దాన్ని పరీక్షించి చూడాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

రాజు పుట్టింది మిషన్ ఆసుపత్రి వెనకాల ఉన్న పాత క్వార్టర్లలో. తండ్రి సత్యవేదం కిటికీలకూ మందుల బీరువాలకూ అద్దాలు బిగించేవాడు. బడి వదలగానే రాజు ఆయన దగ్గర కూర్చుని, కోసిన అద్దాల అంచులు గరుకురాతితో రుద్దేవాడు. పెద్దయ్యాక పటాలకు ఫ్రేములు కట్టే కొట్టు పెట్టాడు. ఆ పని పలచబడుతున్న రోజుల్లో పిల్లల డాక్టరమ్మ ఒకామె, ఏడ్చే పిల్లలు ఊరుకుంటారని తన వరండాలో పెట్టడానికి అక్వేరియం అడిగింది. బెంగళూరు దాకా పోవడం ఎందుకు, నేనే చేసిస్తానన్నాడు రాజు. మొదటిది మూడో రోజుకే కారింది. అది నేర్చుకునే రోజుల్లోది కాబట్టి దాన్ని ఆయన లెక్కలోకి తీసుకోడు. రెండోది కారలేదు.

అప్పటి నుంచి అదే పని. కొట్టు వెనక రేకుల షెడ్డులో, రెండు ఇనుప కాళ్ల మీద పరిచిన పాత టేకు తలుపే ఆయన పనిబల్ల. ఆసుపత్రిలో ఒక కట్టడం పడగొట్టినప్పుడు ఆ తలుపును తండ్రి ఇంటికి తెచ్చాడు. ఏ తొట్టి చేసినా ముందు అడుగు అద్దాన్ని ఆ బల్ల మీద పరుస్తాడు. అంచుల వెంట సిలికాన్ పూసి, పక్క అద్దాలు నిలబెడతాడు. సిలికాన్ పట్టేదాకా అద్దం కదలకుండా పట్టుకోవడం భార్య జ్ఞానమ్మ పని. ఆమె ఒక బడిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. అద్దం పట్టుకుంటే గోడకు కొట్టిన మేకులా నిలబడుతుంది. ఈ పనికి వాళ్లిద్దరూ తప్ప మూడో మనిషి ఎప్పుడూ లేడు.

కిందటి జూలైలో కుప్పం నుంచి మునెప్ప అనే ఆయన నాలుగడుగుల తొట్టి చెప్పాడు. మునెప్ప గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్లు పాలిష్ చేసేవాడు. ముప్పై ఏళ్లు చేసి, రాతి దుమ్ముకు ఊపిరి సరిగా ఆడకపోతే ఆ మధ్యే మానుకున్నాడు. అన్నేళ్లు మిషన్ల సద్దులో బతికిన మనిషికి, సద్దు చేయకుండా కదిలేది ఏదైనా ఇంట్లో ఉంటే బాగుండుననిపించింది. ఫోన్‌లో రాజుకు ఆ మాటే చెప్పాడు. స్టాండు సంగతి మాత్రం తాను చూసుకుంటానన్నాడు.

తొట్టి తయారయ్యాక రాజు దాన్ని పాత దుప్పట్లలో చుట్టి, ట్రాలీ ఆటోలో పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం తీసుకెళ్లాడు. మునెప్ప ఇంట్లో రెండు రాతి దిమ్మెల మీద నాలుగడుగుల రాతిపలక ఉంది. ముదురు ఆకుపచ్చ రాయి. పైకప్పులోని ఫ్యాను అందులో కనిపిస్తోంది. డ్రైవరు ఒక పక్క, రాజు ఒక పక్క పట్టి తొట్టిని దాని మీద పెట్టారు.

మునెప్ప చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కిటికీ వైపు మూల దగ్గర ఆగాడు. అక్కడ వేలితో నొక్కాడు. టక్కుమంది.

"రాజన్నా, ఈ మూల కూసోలేదు," అన్నాడు.

రాజు అలవాటు ప్రకారం సంచీలోంచి రసమట్టం తీశాడు. రాయి మీద నిలువునా పెట్టాడు, అడ్డంగా పెట్టాడు. నీటిబుడగ రెండు గీతల నడుమ కదలకుండా నిలబడింది.

"బండలు వాలుగా ఉంటాయిలే," అన్నాడు.

"వాలే. దానికని దిమ్మెలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు కోసినా."

"అట్లయితే రాతిలో యాడనో గుంత ఉంటాది."

మునెప్ప తలుపు వెనక నుంచి వంకర లేని అల్యూమినియం పట్టీ తెచ్చాడు. తొట్టిని కాస్త పక్కకు జరిపించి, పట్టీని రాయి మీద అంచున నిలబెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపాడు. పట్టీ కింద ఎక్కడా వెలుతురు కనిపించలేదు. తర్వాత ఐమూలగా పెట్టి చూపించాడు. అప్పుడూ అంతే.

"ముప్పై ఏండ్లు ఇదే పని చేసినా అన్నా. రాయి వంగదు," అన్నాడు. గొప్ప చెప్పుకుంటున్నట్టు లేదు. అన్నం ఉడికిందని చెప్పినట్టు చెప్పాడు. తర్వాత కాస్త ఆగి, "ఒక పని చేస్తాము. తొట్టిని ఈ తట్టుది ఆ తట్టుకు తిప్పి పెడతాము. సందు ఈడనే ఉంటే నా రాయిదే తప్పు," అన్నాడు.

అలా కాకపోతే ఎవరిదో చెప్పలేదు. చెప్పనవసరం లేదు కూడా.

ముగ్గురూ పట్టి తొట్టిని తిప్పారు. రాజు కిటికీ వైపు మూల నొక్కి చూశాడు. చప్పుడు లేదు. కిటికీలో ఉన్న పెళ్లిపత్రిక ఒకటి తీసుకుని ఆ మూల కింద దూర్చబోయాడు. దూరలేదు. దానికి ఎదురుగా తలుపు వైపు మూలకు వచ్చాడు. పత్రిక సులువుగా లోపలికి పోయింది. రెండు మడతలు పెట్టి దూర్చాడు. అప్పుడూ పోయింది. సందు తొట్టితో పాటే తిరిగింది.

రాజు పత్రికను బయటికి లాగాడు. సిగ్గు వెంటనే రాలేదు. ముందు వచ్చింది అయోమయం. ఇంటికి వెళ్లే దారిలో ఇంటి ముందు కొత్త గోడ కనిపిస్తే మనిషికి ఎలా ఉంటుందో అలా ఉంది.

మునెప్పే ఆయన్ని ఊరడించబోయాడు. "పోనీలే అన్నా. కింద థర్మకోల్ షీటు ఒకటి ఏస్తే సరిపోతాది కదా."

ఆ మాట రాజు ఎంతమందితో అన్నాడో లెక్కలేదు. ఇప్పుడు వినడానికి బాగాలేదు. నీళ్లు నింపితే ఆ మూల అద్దం రోజూ కొంచెం కొంచెం కిందికి వంగుతుంది. నెలకో ఏడాదికో పగులుతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"సరిపోదప్పా. తీసుకోని పోతా. వేరేది చేసుకోనొస్తా," అన్నాడు.

మునెప్ప ఇంట్లో సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టారు. రాజు తిని బయల్దేరాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో పుంగనూరు బజారులోంచి పోతుంటే, సుభద్రమ్మ టిఫిన్ హోటలు కనిపించింది. రాజు ముఖం పక్కకు తిప్పుకోబోయి, మళ్లీ అటే చూశాడు. అంతకు ముందటి ఏడాది ఉగాది అయిన కొన్నాళ్లకు ఆ హోటల్లో ఆయన చేసిన తొట్టి పగిలింది. పొద్దున టిఫిన్ల వేళ, జనం నిండా ఉండగా ఒక మూల అడుగు అద్దం చిట్లి నీళ్లన్నీ నేల మీదికి వచ్చాయి. టిఫిన్ తింటున్నవాళ్ల చెప్పుల మధ్య చేపలు కొట్టుకున్నాయి. కబురందుకుని రాజు వెళ్లాడు. స్టాండు చేసింది ఆ ఊరివాడే, సురేంద్ర అనే వెల్డరు. ముప్పై దాటని మనిషి. రాజు స్టాండు మీద రసమట్టం పెట్టాడు. బుడగ కొంచెం జరిగింది. "వెల్డింగులో మెలిక పడిందమ్మా. ఇట్లాంటి స్టాండు మీద ఏ తొట్టీ నిలవదు," అన్నాడు అందరి ముందూ. సురేంద్ర ఏదో చెప్పబోయాడు. సుభద్రమ్మ వినలేదు. స్టాండును తీసుకుపొమ్మంది, నాలుగు మాటలు కూడా అంది. తర్వాత పుంగనూరులో రంగుచేపలమ్మే రెండు కొట్లవాళ్లు స్టాండ్ల కోసం ఎవరి దగ్గరికి పోవాలని అడిగితే, సురేంద్ర దగ్గరికి మాత్రం వద్దన్నాడు రాజు. మంచి మాట చెప్పాననే అనుకున్నాడు అప్పుడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. తొట్టి దించగానే షెడ్డులోకి వెళ్లి, బల్ల మీది సామాను మొత్తం కింద పెట్టాడు. నూలుదారం తెచ్చి ఒక మూల నుంచి ఎదురు మూలకు లాగి మేకుకు కట్టాడు. మిగిలిన రెండు మూలలకు ఇంకో దారం కట్టాడు. బల్ల చదునుగా ఉంటే రెండు దారాలూ నడిమధ్య ఒకదాన్నొకటి తాకాలి. తాకలేదు. పెసరగింజ దూరేంత సందు ఉంది. గోడ పక్క మూల పైకి లేచింది. ఆయన రసమట్టం పెట్టేది ఎప్పుడూ బల్ల నడుమ. అక్కడ చూస్తే అంతా సరిగానే ఉండేది. పెద్ద అద్దం ఆ మూల దాకా పరిస్తే, తొట్టి అడుగు కూడా ఆ మెలికతోనే అతుక్కునేది.

జ్ఞానమ్మ వచ్చి దారాల వంక చూసింది.

"ఆ మూలనే కదా వాన కారింది," అంది.

"ఎప్పుడు?"

"ముందటేడు తుపాను వానకి. రేకు కింద బల్ల తడుస్తాండాదని చెప్తే నువ్వు ప్లాస్టిక్ కవరు కప్పినావు. కవరు కింద నీళ్లు నిలిచిపోయినాయి. నెల దినాలు ఎవరూ తీయలేదు."

"చెప్పినావు," అన్నాడు రాజు.

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని, ఆ వాన తర్వాత చేసిన తొట్లు ఎవరెవరి ఇళ్లకు వెళ్లాయో గుర్తు చేసుకున్నారు. ఆయనకు కొలతలు గుర్తున్నాయి, ఆమెకు మనుషులు గుర్తున్నారు. చిన్నవి వదిలేస్తే పెద్ద తొట్లు పదకొండు తేలాయి. వాటిలో ఒకటి పగిలిపోయింది, ఒకటి ఎదురుగా ఉంది.

"ముందు యాడికి పోతావు?" అని అడిగింది జ్ఞానమ్మ.

"పుంగనూరికి."

సురేంద్ర షెడ్డు ఊరి చివర ఉంది. ఇప్పుడు గేట్లు, కిటికీ కమ్ములు, ఆవుల కొట్టాలకు పైపులు చేస్తున్నాడు. రాజును చూసి వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి జరిపాడు గానీ లేవలేదు.

రాజు నిలబడే చెప్పాడు. బల్ల సంగతి, కుప్పంలో తొట్టి తిప్పి చూసిన సంగతి, దారాల సంగతి. చెప్పేది తక్కువే అయినా చాలాసేపు పట్టినట్టు ఆయనకు అనిపించింది.

సురేంద్ర షెడ్డు మూలకు చెయ్యి చూపించాడు. "నీ రసమట్టం తెచ్చుంటే ఆడ పెట్టి సూడు."

ఆ స్టాండు అక్కడే ఉంది. దాని మీద నీళ్ల డ్రమ్ము పెట్టుకున్నాడు. రాజు రసమట్టం తీయలేదు. దారం ఉండ బయటికి తీశాడు. సురేంద్ర ఏమనుకున్నాడో లేచి వచ్చి డ్రమ్ము దించాడు, దారం రెండో కొస పట్టుకున్నాడు. దారాలు నడుమ ఒకదాన్నొకటి తాకాయి. మెలిక లేదు. ఆనాడు బుడగ జరిగింది హోటలు నేల వాలు వల్ల.

"ఆ దినం తొట్టి అడుగు కూడా సూడన్నా అని చెప్పబోతే నువ్వు ఇనలేదు," అన్నాడు సురేంద్ర. "సగం దినం కూసోని చేసినా ఈ స్టాండు. ఒక్కొక్క జాయింటు మూలమట్టం పెట్టి."

"తప్పు నాదేనప్పా. అది చెప్పేదానికే వచ్చినా."

"నాకు చెప్తే ఏమొస్తాది? నాకు తెలిసిందే కదా. ఓటల్లో, అందరి ముందర అన్నావు. ఆడ చెప్పు."

రాజు అప్పుడే వెళ్లాలనుకున్నాడు. సురేంద్ర గడియారం చూసి, "ఇప్పుడు ఆడ ఎవరూ ఉండరు. రేపు పొద్దున పో. టిఫిన్ల యాలకు," అన్నాడు. వెక్కిరింత లేకుండా, పని చెప్పినట్టే చెప్పాడు.

మర్నాడు ఎనిమిదింటికి రాజు మళ్లీ పుంగనూరు బస్సెక్కాడు. సురేంద్ర హోటలుకు ఎదురుగా రోడ్డు అవతల బండి ఆపుకుని ఉన్నాడు. లోపలికి మాత్రం రాలేదు. సుభద్రమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంది.

"ఏమప్పా రాజన్నా, ఇంత పొద్దునే?" అంది.

"సుభద్రమ్మా, నీ తొట్టి పగిలింది స్టాండు వల్ల కాదమ్మా. నా తొట్టి వల్లే. సురేంద్ర స్టాండు బాగుండాది. ఆ దినం ఈడ నేను అన్నది తప్పు," అన్నాడు రాజు. చర్చిలో వాక్యం చదివేవాడిలా గొంతు పెంచే అన్నాడు.

ఇడ్లీలు తింటున్నవాళ్లు ఒకరిద్దరు తలలెత్తి చూశారు. తొట్టి పగిలిన రోజు అక్కడున్నవాళ్లు ఈ జనంలో బహుశా ఎవరూ లేరు. ఒకాయన చట్నీ అడిగాడు. అంతటితో అయిపోయింది. రాత్రంతా దీని గురించే మథనపడిన రాజుకు, ఇంత తక్కువలో ముగియడం వింతగా తోచింది.

సుభద్రమ్మ మాత్రం చిల్లర ఇస్తున్న చెయ్యి ఆపేసింది.

"నేను ఆ పిల్లోడిని ఎంతెంత మాటలన్నానో నీకు తెలుసా?" అంది.

"తెలుసమ్మా. ఈడనే ఉన్నా కదా."

"ఆ పొద్దే సూసుకోని చెప్పుంటే నీ సొమ్మేం పోయేది? వాళ్లమ్మ నాకు తెలిసినామె. ఏడాది దాటింది, దోవలో కనిపించినా పలకరించదు." ఆమె కళ్లు రోడ్డు అవతలికి పోయాయి. సురేంద్రను చూసింది. లేచి, కొంగు సర్దుకుని, గల్లాపెట్టెకు తాళం వేసి బయటికి నడిచింది. రోడ్డు దాటాక ఆమె ఏమందో, అతను ఏం చెప్పాడో బస్సుల సద్దులో రాజుకు వినపడలేదు. సురేంద్ర రెండుసార్లు తల అడ్డంగా ఊపడం, మూడోసారి ఊరుకోవడం మాత్రం కనిపించింది.

తర్వాత నెల రోజులు రాజు మిగిలిన ఇళ్లకు తిరిగాడు. కలికిరిలో రెండు, గుర్రంకొండలో ఒకటి, పెద్దతిప్పసముద్రంలో ఒకటి, మిగిలినవి మదనపల్లెలోనే. పెళ్లిపత్రిక జేబులో పెట్టుకుని వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని తొట్టి మూలలు చూసేవాడు. నాలుగు తొట్లకు సందు కనిపించింది. ముగ్గురు మార్చి ఇమ్మన్నారు. గుర్రంకొండ ఆయన ససేమిరా అన్నాడు. "చేపలు బాగుండాయి, నీళ్లు నిలుస్తాండాయి. నీకు యాలప్పా ఈ అగచాట్లు?" అన్నాడు. నీళ్లు సగానికి తగ్గించుకొమ్మని రాజు బతిమాలాడు. సగం నీళ్ల తొట్టి చూడ్డానికి బాగుండదని ఆయన ఒప్పుకోలేదు. రాజు చీటీ మీద ఫోన్ నంబరు రాసి తొట్టి పక్కన అంటించి వచ్చాడు.

టేకు తలుపును చిత్రిక పట్టి చూశాడు. ఒక వాన తేమకే మళ్లీ లేచింది. చివరికి సిగ్గు విడిచి మునెప్పకు ఫోన్ చేశాడు. మునెప్ప ఆరడుగుల పలక ఒకటి ఎంచి, ఫ్యాక్టరీ లారీలో ఎక్కించి, తానూ వెంట వచ్చాడు. ఇనుప కాళ్ల మీద పలకను పరిచాక, దమ్ము తీసుకుంటూ షెడ్డు గడప మీద కూర్చున్నాడు. జ్ఞానమ్మ టీ ఇచ్చింది. "ఇది వంగితే నన్ను పిలవండి," అని నవ్వాడు. ఆ బల్ల మీద చేసిన మొదటి తొట్టి కుప్పం వెళ్లింది. పెళ్లిపత్రిక ఏ మూలా దూరలేదు. మునెప్ప అందులో నల్లచేపలు రెండే వదిలాడట. ఎక్కువైతే గందరగోళంగా ఉంటుందన్నాడు.

సుభద్రమ్మ హోటలుకు రాజు చేసిచ్చిన కొత్త తొట్టికి స్టాండు సురేంద్రే చేశాడు, కానీ వెంటనే కాదు. గేట్ల పనులున్నాయని ఆరు వారాలు ఆపాడు. ఇప్పుడు రాజు తన దగ్గరికి వచ్చేవాళ్లను స్టాండు కోసం పుంగనూరు పంపిస్తాడు. చేపల కొట్లకు తానే వెళ్లి అప్పుడు చెప్పిన మాట వెనక్కి తీసుకున్నాడు. అందులో ఒకరు విన్నారు. ఇంకొకరు ఈపాటికే వేరేవాళ్లకు అలవాటు పడ్డారు.

రాజు, సురేంద్ర దగ్గరయ్యారని చెప్పడానికి లేదు. సురేంద్ర ఫోన్ చేస్తే కొలత అడుగుతాడు, రాజు చెబుతాడు. క్రిస్మస్‌కు జ్ఞానమ్మ పంపిన కేకు తీసుకున్నాడు, బాగుందని మాత్రం చెప్పలేదు. స్టాండు తయారైతే, తొట్టి తెచ్చి పెట్టి చూసేదాకా పెయింటు వేయనని ఒక షరతు పెట్టాడు. రాజు ప్రతిసారీ తొట్టి వేసుకుని పుంగనూరు వెళ్తాడు. ఇద్దరూ చెరో పక్కన పట్టి పెడతారు. ముందు ఒక మూల సురేంద్ర నొక్కి చూస్తాడు, తర్వాత ఎదురు మూల రాజు. చప్పుడు లేకపోతే సురేంద్ర పెయింటు డబ్బా మూత తెరుస్తాడు.